స్టికర్ కింద ఏముంది?

మా అమ్మాయి ఆ రోజు ఆ స్టికర్ పీకకపోయి ఉంటే నేనీ వ్యాసం రాసేదాన్ని కాదు. అసలు వ్యాసాలు రాసే అలవాటే నాకు లేదు. మన పత్రికలో ఒకసారి చింతకాయ పచ్చడి గురించి ఒక పేజీ రాశాను, అంతే! ఈసారి "పిల్లల చిరుతిళ్ళ గురించి ఏదైనా రాయండి" అని సంపాదకవర్గం వాళ్ళు ఫోన్ చేసినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఆ స్టికరే.

2014 నాటి మాట. అల్ సువైక్‌లో మేము కాపురం పెట్టి అప్పటికి ఆరేళ్ళు. మస్కట్‌లో ఉండేవాళ్ళకి సువైక్ అంటే సొహార్ వెళ్ళేటప్పుడు కారు అద్దంలోంచి కనబడే ఊరు. మాకు మాత్రం సముద్రపు ఒడ్డు, పాత కోట, చేపల సంత, ఖర్జూరపు తోటలు, సాయంత్రం కరక్ చాయ్... అదే లోకం. మావారు సైట్ ఇంజనీరు. వారానికి నాలుగు రోజులు బాతినా రోడ్డు మీదే ఆయన బతుకు. ఇవాళ సొహార్ అయితే రేపు బర్కా. తెల్లవారుజామున వెళ్ళే మనిషికి నేను టిఫిన్ డబ్బాతో పాటు ఒక బిస్కెట్ ప్యాకెట్ కూడా సంచీలో పెట్టేదాన్ని. ఏదో ఒకటి పెట్టేదాన్ని కాదండోయ్! ఏరి కోరి, అట్ట మీద గోధుమ కంకీ, పక్కన ఎర్రటి గుండె బొమ్మా, కింద "జీరో ట్రాన్స్ ఫ్యాట్, జీరో కొలెస్ట్రాల్" అని రాసి ఉన్నదే కొనేదాన్ని. మామూలు బిస్కెట్ కన్నా రెండొందల బైసాలు ఎక్కువే అయినా సరే అనుకునేదాన్ని.

ఆ మార్చి నెలలో ఒక మధ్యాహ్నం సైట్‌లో ఆయనకి ఛాతీలో నొప్పి వచ్చింది. సిగరెట్ ముట్టని మనిషి. వయసు 41. తోటి ఉద్యోగి ఒకాయన కారులో వేసుకుని ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. ఆ రాత్రే స్టెంట్ వేశారు. మూడో రోజు డాక్టరుగారు రిపోర్టు చేతిలో పట్టుకుని మంచి కొలెస్ట్రాల్ 29 మాత్రమే ఉందని చెప్పి, భోజనం సంగతి వదిలేసి, "టీతో పాటు ఏం తింటారు?" అని అడిగారు. మావారు "బిస్కెట్లే సార్, అవీ హెల్తీవే" అన్నారు. "ఎన్ని?" అంటే నా వైపు చూశారు. నేను చెప్పాను, రోజుకో ప్యాకెట్ అని. డాక్టరుగారు ఏమీ అనలేదు. కాగితం మీద ఏదో రాసుకున్నారు. ఆ మౌనం నాకు ఇప్పటికీ గుర్తే.

మా మామగారికీ గుండె జబ్బు ఉండేది. నిద్ర చాలని ఉద్యోగం, నడక లేని ఊరు. కాబట్టి తప్పంతా బిస్కెట్ మీద తోసేసి చేతులు దులుపుకోవాలని నాకు లేదు. కానీ ఆ ప్యాకెట్ సంచీలో పెట్టింది నా చెయ్యి కదా!

ఇంటికొచ్చిన వారానికి, అప్పుడు నాలుగో తరగతి చదువుతున్న మా అమ్మాయి వంటింట్లో మిగిలిన ప్యాకెట్లు ముందేసుకుని కూర్చుంది. మీకు తెలుసుగా, ఇండియా నుంచి వచ్చే సరుకు మీద ఇక్కడి దిగుమతిదారులు అరబిక్ స్టికర్ అంటిస్తారు. అది సరిగ్గా వెనక వైపు అక్షరాల మీదే పడుతుంది. పిల్లకి స్టికర్లు పీకడం సరదా. వేడినీళ్ళలో గుడ్డ తడిపి, గోటితో నెమ్మదిగా లేపింది. "అమ్మా, దీని కింద ఇంకో లిస్ట్ ఉందే!" అంది. చదవమన్నాను. గోధుమపిండి, పంచదార, ఆ తర్వాత మూడో మాటే "హైడ్రోజనేటెడ్ వెజిటబుల్ ఫ్యాట్." అది పలకలేక రెండుసార్లు తడబడింది. నాకూ దాని అర్థం తెలియదు. ముందు వైపు సున్నా, వెనక వైపు ఈ పేరు. రెండూ ఒకే ప్యాకెట్ మీద ఎలా ఉన్నాయో అర్థం చేసుకోవడానికి నాకు కొన్ని నెలలు పట్టింది.

ఇక్కడ పిల్లలు కూడా చదువుతారు కాబట్టి వాళ్ళకి అర్థమయ్యేలా చెబుతాను. పిల్లలూ, నూనె అంటే పొడుగాటి గొలుసుల్లాంటి చిన్న చిన్న అణువులు. మామూలు నూనెలో చాలా గొలుసులు మధ్యలో వంకర తిరిగి ఉంటాయి. వంకర పుల్లల్ని కట్ట కట్టి చూడండి, సరిగ్గా కుదురుకోవు, మధ్యలో సందులుంటాయి. అందుకే నూనె ద్రవంగా జారుతూ ఉంటుంది. అదే చీపురుపుల్లలైతే? తిన్నగా ఉంటాయి కనక కట్ట గట్టిగా వస్తుంది. ఫ్యాక్టరీలో నూనెని వేడి చేసి, నికెల్ లోహం సాయంతో, హైడ్రోజన్ వాయువు ఎక్కిస్తే వంకరలు కొన్ని పోయి నూనె గడ్డకడుతుంది. పూర్తిగా ఎక్కిస్తే మైనంలా మరీ గట్టిపడుతుంది. అందుకని సగంలో ఆపేస్తారు. అలా సగంలో ఆపినప్పుడే కొన్ని గొలుసులు పేరుకి పాత నూనె జాతివే అయినా ఆకారంలో చీపురుపుల్లల్లా తిన్నగా మారిపోతాయి. వాటినే ట్రాన్స్ ఫ్యాట్ అంటారు. మన రక్తంలోకి చేరాక ఇవి చెడ్డ కొలెస్ట్రాల్‌ని పెంచుతాయి, మంచిదాన్ని తగ్గిస్తాయి. రెండు పనులూ ఒకేసారి! మామూలు నెయ్యిలోని కొవ్వుకి కూడా ఈ రెండో దుర్గుణం లేదు.

ఈ విద్య కనిపెట్టింది విల్‌హెల్మ్ నార్మన్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త. 1902లో పేటెంటు తీసుకున్నాడు. 1911లో అమెరికాలో క్రిస్కో అనే తెల్లటి ముద్ద అంగళ్ళలోకి వచ్చింది. మన దేశంలో 1930ల్లో వనస్పతి వచ్చింది. పసుపు రంగు డబ్బా, దాని మీద ఆకుపచ్చ చెట్టు... మన అమ్మమ్మలకి పరిచయం అక్కర్లేదు. ఏ కంపెనీదైనా సరే ఊళ్ళో అందరూ డాల్డా అనే పిలిచేవారు. డబ్బా ఖాళీ అయితే అందులో కందిపప్పు పోసుకోవడమో, తులసి మొక్క పెట్టుకోవడమో! వనస్పతిని నెయ్యిలో కలిపి అమ్మేస్తారని భయపడి, మన ప్రభుత్వం వనస్పతిలో నూటికి 5 వంతులు నువ్వుల నూనె కలిపి తీరాలని నిబంధన పెట్టింది. నువ్వుల నూనె ఉందంటే ఒక చిన్న రసాయన పరీక్షలో రంగు మారుతుంది, దొంగ దొరికిపోతాడు. నెయ్యిని కాపాడటానికి అంత తెలివి చూపించారు. తినేవాడి గుండె గురించి ఆలోచించడానికి మాత్రం ఇంకా చాలా దశాబ్దాలు పట్టింది.

ఆలోచించినవాళ్ళు అసలు లేకపోలేదు. అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ఫ్రెడ్ కుమెరో అనే ఆచార్యుడు గుండె జబ్బుతో చనిపోయినవాళ్ళ ధమనుల్లో ఈ కొవ్వు పేరుకుని ఉండటం గమనించి 1957లోనే ప్రకటించాడు. ఎవరూ పట్టించుకోలేదు. 1990లో నెదర్లాండ్స్ పరిశోధకులు మెన్సింక్, కటాన్ కొలెస్ట్రాల్ సంగతి తేల్చారు. 2003లో డెన్మార్క్ ప్రపంచంలో మొట్టమొదటగా, ఏ నూనెలోనైనా కొవ్వులో నూటికి 2 వంతులకు మించి ఫ్యాక్టరీ ట్రాన్స్ ఫ్యాట్ ఉండకూడదని చట్టం చేసింది. కుమెరో మాత్రం తన దేశంలో ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నాడు. 2009లో అమెరికా ఆహార, ఔషధ శాఖకి అర్జీ పెట్టాడు. జవాబు లేదు. 2013లో, 98 ఏళ్ళ వయసులో, ఆ శాఖ మీద కోర్టులో దావా వేశాడు! 2015లో ఆ శాఖ సగం హైడ్రోజన్ ఎక్కించిన నూనెలు క్షేమకరం కావని తీర్మానించి, వాటిని మానడానికి కంపెనీలకి 2018 జూన్ దాకా గడువిచ్చింది. ఆ గడువు తీరడానికి ఏడాది ముందు, 102 ఏళ్ళ వయసులో ఆయన కన్నుమూశాడు. తీర్మానం అయినా చూసి పోయాడని నాకొక తృప్తి.

ఇప్పుడు మా బిస్కెట్ ప్యాకెట్ మీది సున్నా దగ్గరికి వద్దాం. ఆ సున్నా అబద్ధం కాకపోవచ్చు. చిక్కంతా అక్కడే ఉంది! అమెరికాలో 2006 జనవరి నుంచి ట్రాన్స్ ఫ్యాట్ ఎంతో లేబుల్ మీద రాయాలన్నారు. కానీ ఒక సర్వింగ్‌లో అర గ్రాముకి తక్కువుంటే సున్నా అని రాసుకోవచ్చన్నారు. సర్వింగ్ అంటే ఎంత? ప్యాకెట్ మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది. 15 గ్రాములు అనుకోండి, అంటే రెండు బిస్కెట్లు. రెండు బిస్కెట్లలో 0.4 గ్రాములు ఉంటే లేబుల్ మీద సున్నా. 150 గ్రాముల ప్యాకెట్‌లో అలాంటివి పది సర్వింగులు. పది సున్నాలు కూడితే ఎంత? లెక్కల మాస్టారు సున్నా అంటారు. గుండెకి మాత్రం 4 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకి 2,000 కేలరీలు తినే మనిషికి పెట్టిన హద్దు 2.2 గ్రాములు. ఈ లెక్క మా అమ్మాయి చేత వేయించాను. "అంటే నాన్న రెండే తింటే సున్నా, ప్యాకెట్ తింటే రెండు రోజులదా?" అంది. రెండు బిస్కెట్లు తిని ప్యాకెట్ మూసేసిన మనిషిని నేనింతవరకూ చూడలేదు.

మన దేశంలో ఇప్పుడు నిబంధన మెరుగే. "ట్రాన్స్ ఫ్యాట్ లేదు" అని గొప్ప చెప్పుకోవాలంటే సర్వింగ్‌లో కాదు, 100 గ్రాముల్లో 0.2 గ్రాములకన్నా తక్కువుండాలి. కానీ 2012లో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ వాళ్ళు బాగా అమ్ముడుపోయే చిరుతిళ్ళని ప్రయోగశాలలో పరీక్షించి, లేదని చెప్పుకున్నవాటిలో కొన్నింటిలో ఉందని బయటపెట్టారు. అప్పట్లో పెద్ద గొడవే అయింది.

ఇక "జీరో కొలెస్ట్రాల్" సంగతి చెబితే నవ్వొస్తుంది. కొలెస్ట్రాల్ ఉండేది జంతువుల నుంచి వచ్చే పదార్థాల్లో. మొక్కల నుంచి తీసిన నూనెలో లెక్కలోకి వచ్చేంత ఎప్పుడూ లేదు. పామాయిల్ డబ్బా మీద అది రాయడం మంచినీళ్ళ సీసా మీద "ఎముకలు లేవు" అని రాయడం లాంటిది. అదే డబ్బాలో సగం దాకా ఉండే సంతృప్త కొవ్వు ఊసు మాత్రం ముందు వైపు ఎక్కడా కనబడదు.

ఆ రోజుల్లో నేను గ్రోసరీలో చేసిన గొడవ తలచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. ప్రతి ప్యాకెట్టూ తిరగేసి చూసేదాన్ని. కొట్టు అబ్బాయి మలయాళీ. మొదట్లో "చేచీ, ఎక్స్‌పైరీ అంతా ఓకే" అని నచ్చజెప్పేవాడు. నేను చూసేది తేదీ కాదని తెలిశాక స్టూలు తెచ్చి వేసేవాడు. అరబిక్ స్టికర్ల సంగతి పక్కింటి ఒమనీ ఆవిడ నేర్పింది. ఆవిడ బడిలో పంతులమ్మ. "ముహద్రజ" అనే మాట ఎక్కడున్నా పక్కన పెట్టేయమని ఒక చీటీ మీద అరబిక్‌లో రాసిచ్చింది. హైడ్రోజన్ ఎక్కించినది అని దాని అర్థం. ఆ మాట తర్వాత "జుజ్‌ఇయ్యన్" అని ఉంటే సగంలో ఆపినదన్నమాట, అంటే అసలు దొంగ అదే. నాకు అరబిక్ చదవడం రాదు. ఆ చీటీ పక్కన పెట్టుకుని బొమ్మలు పోల్చినట్టు పోల్చేదాన్ని. ఆ చీటీ ఇప్పటికీ నా పర్సులో ఉంది, మడతల దగ్గర చిరిగిపోయి.

ఇంకొకటి నేనే సొంతంగా గమనించాను. జూలైలో కారు తలుపు తీస్తే పొయ్యి తలుపు తీసినట్టుంటుంది కదా! అలాంటి కారులో రోజంతా పడున్న క్రీమ్ బిస్కెట్లో క్రీమ్ కరగదు. వెన్నైతే కరిగి కారిపోయేది. ఆ ఎండకి నిలబడిందంటే అది వెన్న కాదని నాలాంటి వంటింటి మనిషికి కూడా తెలియాలి. తెలియలేదు, ఎందుకంటే నేనెప్పుడూ ఆలోచించలేదు.

మంచి కబురేమిటంటే, ఆ చీటీతో ఇప్పుడు ఇక్కడ పెద్దగా పని లేదు. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫ్యాక్టరీ ట్రాన్స్ ఫ్యాట్‌ని భూమ్మీద లేకుండా చెయ్యాలని దేశాలన్నింటికీ పిలుపిచ్చింది. దానివల్ల ఏటా 5 లక్షల మంది దాకా గుండె జబ్బుతో ముందుగానే చనిపోతున్నారని వాళ్ళ అప్పటి అంచనా. 2024 జనవరిలో మొదటిసారి ఐదు దేశాలకి, అంటే డెన్మార్క్, లిథువేనియా, పోలండ్, సౌదీ అరేబియా, థాయిలాండ్‌లకి, ఈ పని సాధించినట్టు గుర్తింపు ఇచ్చింది. 2025 మేలో ఆస్ట్రియా, నార్వే, సింగపూర్‌తో పాటు మన ఒమన్ పేరు కూడా ఆ జాబితాలో చేరింది! ఆ వార్త చదివిన రోజు మావారికి ఫోన్‌లో చదివి వినిపించాను. "అయితే ఇక ప్యాకెట్ తినచ్చా?" అన్నారు. స్టెంట్ వేసుకున్న మనిషి అడగాల్సిన ప్రశ్నేనా అది!

తినకూడదు. ఎందుకంటే ట్రాన్స్ ఫ్యాట్ తీసేసిన చోట చాలాసార్లు పామాయిలే వచ్చి కూర్చుంది. పంచదార, ఉప్పు ఉన్నచోటే ఉన్నాయి. నేనిప్పుడు ముందు వైపు చూడను. వెనక తిప్పి, 100 గ్రాముల లెక్క ఉన్న వరసే చూస్తాను. సర్వింగ్ లెక్క ఉన్న వరసని వేలితో మూసేస్తాను. పదార్థాల జాబితాలో ఏది ఎక్కువుంటే అది ముందు రాయాలి కాబట్టి మొదటి మూడు మాటలు చదివితే ఆ తిండి గుట్టు చాలావరకు తెలిసిపోతుంది. ఐదో తరగతి చదివే మా అబ్బాయికి ఇదొక ఆట అయింది. వాడికి ఒమన్ చిప్స్ పరోటాలో చుట్టి తినడమంటే ప్రాణం. దాన్ని నేను మాన్పించలేదు. గురువారం సాయంత్రం ఒక్కటి. ఈ ఊళ్ళో పెరిగే పిల్లకి అది కూడా లేకపోతే ఎలా?

లేబుళ్ళ మాట వచ్చింది కనక మన హైదరాబాద్ డాక్టరుగారి గురించి చెప్పకుండా ఉండలేను. డాక్టర్ శివరంజని సంతోష్ పిల్లల వైద్యురాలు. విరేచనాలైన పిల్లలకి ఓఆర్‌ఎస్ అనుకుని తల్లిదండ్రులు మందుల షాపులో కొనే తియ్యటి డబ్బా పానీయాలు అసలు ఓఆర్‌ఎస్సే కావని, వాటిలో ఉండాల్సినదానికన్నా ఎన్నో రెట్లు పంచదార ఉందని ఆవిడ ఎనిమిదేళ్ళు పోరాడారు. తెలంగాణ హైకోర్టుకీ వెళ్ళారు. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2022 ఏప్రిల్‌లో వద్దని చెప్పి, జూలైలో ఒక చిన్న హెచ్చరిక వాక్యంతో సరే అనేసింది. చివరికి 2025 అక్టోబర్ 14న, ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం చెయ్యని ఏ పానీయం మీదా ఆ మూడక్షరాలు ఉండకూడదని తేల్చింది. ఆవిడ కంటతడి పెట్టుకుంటూ ఆ వార్త చెప్పిన వీడియో మీలో చాలామంది చూసే ఉంటారు. ఎండాకాలంలో ఇక్కడ మన పిల్లలకి వడదెబ్బ తగిలితే ఇండియా నుంచి తెచ్చుకున్న ఆ డబ్బాలు ఎన్ని తాగించి ఉంటామో! నేనైతే తాగించాను.

మరి లేబులే లేని తిండి మాటేమిటి? సెలవుల నుంచి తిరిగొచ్చేటప్పుడు మన సూట్‌కేసుల్లో 30 కిలోల్లో బట్టలెన్ని, జంతికలెన్ని? ఇండియాలో 2022 జనవరి నుంచి నూనెల్లోనూ, వాటితో చేసిన తినుబండారాల్లోనూ కొవ్వులో 2 శాతమే హద్దు. 2013లో 10 శాతం ఉండేది, తర్వాత 5, ఆపైన 3, చివరికి 2. చట్టం మంచిదే. కానీ ఊళ్ళో మిఠాయి కొట్టువాడు మూకుడులో ఏం పోశాడో, అది ఎన్నోసారి కాచినదో అట్టపెట్టె మీద రాసి ఉండదు. మళ్ళీ మళ్ళీ కాచిన నూనెలో ట్రాన్స్ ఫ్యాట్ కొద్దిగానే పెరుగుతుందిగానీ నూనె మాత్రం పాడవుతుంది.

అసలు యుద్ధం మాత్రం తణుకులో, మా అత్తయ్యగారి వంటింట్లో జరిగింది. స్టెంట్ వేసిన తర్వాతి సంక్రాంతికి వెళ్ళాం. ఆవిడ బాదుషాలకి పిండి కలుపుతున్నారు, పక్కన వనస్పతి ప్యాకెట్. నేను నెమ్మదిగానే అన్నాను.

"అత్తయ్యగారూ, అది ఆయనకి వద్దన్నారు డాక్టరుగారు."

"నలభై ఏళ్ళ నుంచి ఇదే వేస్తున్నానమ్మా. ఇది లేకపోతే బాదుషా గుల్లగా రాదు."

"నెయ్యి వేద్దామండీ."

"నెయ్యి వెయ్యచ్చా గుండెకి? నెయ్యి మానమని మీ మామగారికి చెప్పింది డాక్టర్లే కదా! అందుకే కదా నేను దీనికి మారింది!"

నా దగ్గర జవాబు లేదు. ఆవిడ చెప్పింది నిజం. ఆ తరం వాళ్ళకి నెయ్యి చెడ్డది, వనస్పతి మంచిదని నమ్మకంగా చెప్పినవాళ్ళు చాలామందే ఉన్నారు. భర్త కోసమని ఆవిడ నెయ్యి మానేసి ఆ ప్యాకెట్ తెచ్చుకున్నారు. నేను గుండె బొమ్మ చూసి బిస్కెట్ కొన్నట్టే. ఇద్దరం అక్కడే పీటల మీద కూర్చుని చాలాసేపు ఏమీ మాట్లాడుకోలేదు. తర్వాత ఆవిడే లేచి పిండి పక్కన పెట్టేశారు. ఆ ఏడు బాదుషాలు చెయ్యలేదు.

మావారికిప్పుడు 50 దాటాయి. సాయంత్రాలు సముద్రపు ఒడ్డున నడుస్తారు. టీతో పాటు గుప్పెడు వేయించిన శనగలో, నాలుగు ఖర్జూరాలో. మంచి కొలెస్ట్రాల్ 38 దాకా వచ్చింది, అంతకుమించి పెరగనంటోంది. స్టికర్ పీకిన అమ్మాయి హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ చదువుతూ హాస్టల్లో అర్ధరాత్రి నూడుల్స్ తింటుంది. అడిగితే "లేబుల్ చదివే తింటున్నానమ్మా" అంటుంది.

మొన్న సంక్రాంతికి సెలవు దొరకలేదు. తెలిసినవాళ్ళు వస్తుంటే అత్తయ్యగారు వాళ్ళ చేత చేగోడీలు పంపించారు. పాత హార్లిక్స్ సీసాలో, మూత చుట్టూ గుడ్డ కట్టి. సీసా మీద నోట్‌బుక్ కాగితం ముక్క అన్నంతో అంటించి ఉంది. మా అబ్బాయికి ఆవిడ చేతిరాత చదవడం రాలేదు, నేనే చదివి వినిపించాను. "చేగోడీలు. బియ్యప్పిండి, పెసరపప్పు, నువ్వులు, ఉప్పు. వేరుశనగ నూనె, కొత్తది, ఒక్కసారే కాచింది. చేసింది పదో తారీఖు." వాడు సీసా అటూ ఇటూ తిప్పి చూసి, "నానమ్మ సర్వింగ్ ఎంతో రాయలేదు" అన్నాడు.